టోపీ పెట్టిన సవతి బిళ్ళ

“నా పిల్ల బతికి లేదని సెప్పడానికే పిలిసుంటాడు బాబూ. మంచి కబురైతే కార్డు ముక్క రాసీవోడు. ఇంత దూరం రమ్మనడు.”

అచ్యుతరామయ్యగారి గుమ్మం ముందు నిలబడి నేనీ మాట అన్నప్పుడు, నేను పెట్టుకున్న డిటెక్టివ్ గవర్రాజు కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి కూడా నొక్కకుండా ఆగాడు.

“పిన్నిగారూ, ఆయన చెప్పేది మీ అమ్మాయి గురించి కాదండి. ఆవిడ బ్యాడ్జి గురించి. బ్యాడ్జి వేరు, మనిషి వేరు.”

“మనిషి బాగుంటే బ్యాడ్జి పరాయింట్లో ఎందుకుంటాది బాబూ?”

అతను బెల్ నొక్కాడు.

నా కూతురు గౌరీశ్వరి నర్సు. స్టీల్ ప్లాంటు స్టోర్స్‌లో పనిచేసే త్రినాథరావుకిచ్చి చేశాం. ఉక్కునగరంలో కాపురం. వరలక్ష్మీ వ్రతం నాడు దువ్వాడలో మా ఇంటికొచ్చి తోరం కట్టించుకుని వెళ్ళింది. ఆ తరవాత నేను దాన్ని చూడలేదు. కబురు పెట్టినప్పుడల్లా నైట్ డ్యూటీ అని అత్తవారు నాకు చెప్పారు. జ్వరమని అది పనిచేసే నర్సింగ్ హోముకు చెప్పారు. వినాయక చవితి దాటాక అల్లుడొచ్చి, ఓడలో వంటవాడితో లేచిపోయింది మీ కూతురు అన్నాడు. జగ్గయ్య అని ఒక డిటెక్టివ్‌ని పెట్టుకుని, రైలెక్కుతుంటే చూశానని చెప్పే సాక్షిని కూడా తెచ్చాడు. పోలీసులు నమ్మారు. ఊరు నమ్మింది. నాకూ ఒక్కోసారి నమ్మాలనిపించేది. లేచిపోతే బతికున్నట్టే కదా.

అచ్యుతరామయ్యగారు పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పాత నగలు, పాత బ్యాడ్జీలు పోగేయడం ఆయన సరదా. నగల కొట్ల వాళ్ళందరినీ అడగ్గా అడగ్గా గవర్రాజుకు ఈయన పేరు చెప్పారట.

ముందుగదిలోనే చెక్క ట్రేలు వరసగా పెట్టి ఉన్నాయి. బిళ్ళబంట్రోతుల ఇత్తడి బిళ్ళలు, రైల్వే కూలీల బిళ్ళలు, ఓడ కెప్టెన్ల టోపీల మీది గుర్తులు ఒక వైపు. ముక్కుపుడకలు, కంటెలు, మట్టెలు, ఎవరెవరి మెడల్లోంచో తీసిన పుస్తెలు ఇంకో వైపు. అన్ని పుస్తెలు ఒక్కచోట చూసి నేను ఆ ట్రే మీదికి వంగాను.

“చేతులు చెమటగా ఉన్నట్టున్నాయి. దేన్నీ ముట్టుకోకండి,” అన్నారాయన నాతో. “చెమట తగిలితే పాత లోహం పాడైపోతుందండి.”

“ఇవన్నీ ఎలా సంపాదించారండీ?” అన్నాడు గవర్రాజు.

“చావు ఇళ్ళకి వెళ్తానండి. పదోరోజు నాడు. ఆడమనిషి ఒంటి మీంచి తీసిన వస్తువు ఆ రోజు దొరికితే దొరికినట్టు. మర్నాటికి కంసాలి కుంపట్లో పడిపోతుంది. వాళ్ళ ఏడుపు తగ్గేదాకా మర్యాదకి ఆగానో, నాకేం మిగలదు.”

ఆ మాట కాఫీ పొడి ధర చెప్పినట్టు చెప్పారు. తరవాత చిన్న పటకారుతో ఒక బ్యాడ్జి ఎత్తి గుడ్డ మీద పెట్టారు. గుండ్రటి నీలం ఎనామిల్, మధ్యలో దీపం. వెనక పిన్ను విరిగితే రాగితీగ చుట్టి పిన్నీసు బిగించింది నేనే. ఆ చుట్లు నావే.

“మా పిల్లదే,” అన్నాను.

“ఎవరమ్మారు?” అని గవర్రాజు అడిగాడు.

“ఆడమనిషండి. పాతికేళ్ళుంటాయి. ఎడంచేతికి ఆరు వేళ్ళు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. కొత్త మట్టెలు.”

ఆరు వేళ్ళంటే నాకు తెలిసిపోయింది. చిట్టెమ్మ. నా కూతురు లేచిపోయిందని చెప్పి, నెల తిరక్కుండా మా అల్లుడు ఇంట్లో పెట్టుకున్న మనిషి.

“ఏ రోజు?”

“వినాయక చవితి పొద్దున్న. పత్రి కడుక్కుంటున్నాను. పూజయ్యాక రమ్మంటే వినలేదు. తడిచేత్తోనే తలుపు తీశాను.”

“చవితి పొద్దున్నే. ఖాయమేనా?”

“దేవుణ్ణి ఇంకా పీట మీద పెట్టలేదండి. ఎలా మర్చిపోతాను?”

గవర్రాజు నా వైపు తిరిగాడు. అతని కళ్ళలో ఏదో వెలిగింది. “ఇది పాతది కాదు కదండీ. ఎందుకు కొన్నారు?” అన్నాడు.

అచ్యుతరామయ్యగారు నవ్వారు. మంచి వంట గురించి అడిగితే నవ్వినట్టు.

“దీనికోసం కాదు. దీంతో పాటు ఇంకోటిచ్చింది. అది కావాలంటే ఇదీ తీసుకోవాలంది.” పటకారుతో ఇంకో ట్రేలోంచి వేలిగోరంత బంగారు రేకు తీశారు. “సవతి బిళ్ళ. తెలుసు కదండీ?”

నాకు తెలుసు. మా వైపు కొన్ని ఇళ్ళల్లో ఉంది. మొదటి పెళ్ళాం చచ్చిపోయాక రెండో పెళ్ళి చేసుకుంటే, చచ్చినదాని బొమ్మ రేకు మీద చెక్కించి కొత్తదాని మెడలో వేస్తారు. కొత్త చీర కట్టినా, పువ్వులు పెట్టినా ముందు ఆ బిళ్ళకి చూపించాలి. చూపించకపోతే చచ్చినది పట్టుకుంటుందని భయం.

“మామూలుగా ఏ అమ్మవారి బొమ్మో అచ్చు కొట్టేసి ఇస్తారండి,” అంటున్నారాయన. “ఇది చూడండి. తల మీద నర్సు టోపీ! ముప్పయ్యేళ్ళుగా పోగేస్తున్నాను, టోపీ పెట్టిన సవతిని నేనెక్కడా చూడలేదు. కంసాలి ముద్ర కూడా లేదు. ‘ఇది మెడలో ఉంటే నాకు ఊపిరాడట్లేదండి’ అంది ఆ మనిషి. నాకు మాత్రం చూడగానే ప్రాణం లేచొచ్చింది.”

నేను చెయ్యి చాపాను. ఆయన పటకారు వెనక్కి లాక్కున్నారు.

“బాబూ,” అన్నాను గవర్రాజుతో, “బతికున్నదానికి సవతి బిళ్ళ సేయించరు కదా?”

గవర్రాజు బిళ్ళ దగ్గరికి వంగాడు. “ఈ బిళ్ళ మాకు కావాలండి,” అన్నాడు ఆయనతో.

“నేను కొంటానండి. అమ్మను.”

“కనపడకుండాపోయిన మనిషి వస్తువులు కొన్నారు. పోలీసులొస్తే ఈ ట్రేలన్నీ స్టేషన్‌కి పోతాయి. అక్కడ కానిస్టేబుళ్ళకి చెమట పట్టదనుకుంటున్నారా?”

ఆయన ముఖం మాడింది. ఆలోచిస్తూ ఆలోచిస్తూ నా చెవుల దగ్గర చూపు ఆపారు.

“అమ్మడం నా పద్ధతి కాదు. మార్చుకుంటాను. ఆ బావిలీలు ఎన్నాళ్ళ నాటివమ్మా?”

“మా అత్తగారియ్యి. ఆవిడకి వాళ్ళత్తగారు పెట్టినారు.”

“అవి ఇవ్వండి.”

“పిన్నిగారూ, వద్దు, నేను ఇంకోలా...” అని గవర్రాజు అంటూనే ఉన్నాడు. నేను అప్పటికే కుర్చీలో కూచున్నాను. పెళ్ళినాడు పెట్టినవి, ఒక్కసారీ తియ్యలేదు. మర బిగిసిపోయింది. అచ్యుతరామయ్యగారు సబ్బునీళ్ళు తెచ్చారు. నా చెవి తెగకుండా కాదు, బావిలీ వంగకుండా తీశారు. కుడి చెవి నుంచి నెత్తురు మెడ మీదికి జారింది. ఆయన ముందు వాటిని తుడిచి, ఆ గుడ్డే నాకిచ్చారు.

బిళ్ళ, బ్యాడ్జి గవర్రాజు జేబు రుమాలులో మూట కట్టాడో లేదో, తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. లావుపాటి శరీరం, నోట్లో కిళ్ళీ. జగ్గయ్య. మా అల్లుడి డిటెక్టివ్.

“ఏటి గవర్రాజు బావా! ముసిలమ్మని ఊరంతా తిప్పతన్నావు. ఫీజిత్తందా, కన్నీళ్ళేనా?” అని, నా మెడ చూశాడు. “సెవులు కోసిచ్చినావేటి పెద్దమ్మా?”

“నువ్వెందుకొచ్చావు?” అన్నాడు గవర్రాజు.

“ఒక బిళ్ళ కోసం. మా పార్టీ ఇంటి ఆడోల్లు తెలవక అమ్మేసినారు. ఇన్నాల్లూ కొంగు కప్పుకుని తిరిగింది, కాసులమ్మగారు నిన్ననే సూసుకున్నారు, మెళ్ళో లేదని. అయ్యా, ఎంతంటే అంత.”

“ఇప్పుడే మారిపోయిందండి,” అన్నారు అచ్యుతరామయ్యగారు, బావిలీలను ట్రేలో సర్దుకుంటూ.

కాసులమ్మ అంటే మా అల్లుడి తల్లి. నా వియ్యపురాలు.

“జగ్గయ్యా,” అన్నాడు గవర్రాజు మెల్లగా, “నీ సాక్షి గౌరీశ్వరిని ఎప్పుడు చూశానన్నాడు?”

“వినాయక సవితినాటి సాయంత్రం. దువ్వాడ స్టేషన్లో. ఎన్నిసార్లు సెప్పాల?”

ఆ సాయంత్రం స్టేషన్‌కి కూతవేటు దూరంలో నేను కుడుములు వండుకుంటున్నాను. సాక్షి అబద్ధం చెప్పాడనుకుంటే గుండె పగిలేది, నిజం చెప్పాడనుకుంటే తలుపు దాకా ఎందుకు వెళ్ళలేదా అని పగిలేది.

“ఎలా గుర్తుపట్టాడు?”

“తెల్లసీర, గుండెల మీద నీలం బ్యాడ్జి. పోలీసుల ముందర సెప్పినాడు.”

“ఆ నీలం బ్యాడ్జి ఆవేళ పొద్దున్నే ఈ ట్రేలో ఉంది.”

జగ్గయ్య నమలడం ఆపాడు. అచ్యుతరామయ్యగారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. జగ్గయ్య మళ్ళీ నమలడం మొదలెట్టాడు.

“అలాగైతే సాక్షి మారతాడు,” అన్నాడు.

“సిగ్గు లేదూ?”

“నీకుందిగా బావా, నువ్వు తిను దాన్ని.” అని అచ్యుతరామయ్యగారి వైపు తిరిగి, “అయ్యా, ఫోనెక్కడ?” అన్నాడు.

గవర్రాజు నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. త్రినాథరావు షిఫ్టు రెండింటికి దిగుతుంది. అప్పుడు పన్నెండున్నర. ఫోను వెళ్ళిందంటే ముందే వచ్చేస్తాడు.

“ఇంట్లో ఆ తల్లి ఒక్కర్తే ఉండగా వెళ్ళాలి. ఎక్కండి.”

నేనెప్పుడూ స్కూటరెక్కలేదు. పడి చస్తానని భయం. దారి పొడుగునా లారీలు. ఆ రోజు ఆ భయం ఎందుకో రాలేదు. వచ్చి ఏం చేస్తుంది, లోపల చోటుండాలి కదా.

క్వార్టరు తలుపు తీసే ఉంది. కాసులమ్మ గుమ్మంలో కూచుని నిప్పుల మీద మిరపకాయలు, ఉప్పు వేసి దిష్టి తీస్తోంది. లోపలి గదిలోంచి ఎవరో మూలుగుతున్నారు. నన్ను చూసి కాసులమ్మ చేతిలో మిగిలిన ఉప్పంతా నిప్పుల్లో పోసేసింది.

“మీ అల్లుడు లేడు వొదినా. డ్యూటీకెళ్ళినాడు.”

“మేం మీ కోసమే వచ్చామండి,” అని గవర్రాజు రుమాలు విప్పి, సవతి బిళ్ళ గచ్చు మీద పెట్టాడు. “ఇది మీదేనా?”

ఆమె చెయ్యి దానివైపు ఎగిరినట్టు వచ్చి మధ్యలో ఆగిపోయింది. “మాది కాదు.”

“కాదా?” అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “అలాగైతే జాలరిపేట కాడ సముద్రంలో గిరాటేసేత్తాను వొదినా. ఎవలదైతే ఆల్లే ఎతుక్కుంటారు. అది మాత్రం తడిసిన జుత్తుతో ఎవలింటికి రావాలో ఆలింటికే వొత్తాది.”

అంత కఠినమైన మాట నా నోట్లోంచి వస్తుందనుకోలేదు. లోపల మూలుగు పెద్దదయింది. కాసులమ్మ రెండు చేతులతో బిళ్ళను కప్పేసింది.

“వొద్దు! వొద్దొదినా! లోపలది కడుపుతో ఉంది. మూడు రోజుల్నించి ఒల్లు కాలిపోతంది. సచ్చినదాన్ని మెడలోంచి తీసేత్తే ఊరుకుంటాదేటి? ఎంత సెప్పినా ఇనలేదు, మొండిది. ఇప్పుడే కట్టేత్తాను, ఇచ్చీ!”

చచ్చినదాన్ని. ఆ మాట అనేసి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

“గౌరీశ్వరి ఎలా చనిపోయింది?” అన్నాడు గవర్రాజు.

“జొరమొచ్చి,” అంది గుమ్మం వైపు చూస్తూ. “జొరమొచ్చి పోయింది.”

“అవును, జొరమే.” వెనక నుంచి జగ్గయ్య గొంతు. వాడి జీపు చప్పుడు కూడా మాకు వినపడలేదు. “ఇంక దాచడమెందుకు బావా? వొరలచ్చి వొతం అయిన వారానికి పోయింది. సిన్నోడు బయపడినాడు. నర్సు, మందులన్నీ తెలిసిన మనిషి ఇంట్లోనే పోయిందంటే నలుగురూ ఏటంటారని. రాత్రికి రాత్రి దహనం సేసి, బూడిద సముద్రంలో కలిపేసినాడు. లేసిపోయిందని మేం అనడం తప్పే.”

నా కూతురు చచ్చిపోయిందని నాకలా తెలిసింది. కిళ్ళీ నములుతున్న నోట్లోంచి. ఏడుపు రాలేదు. జ్వరమొచ్చినప్పుడు దానికి నుదుటి మీద తడిగుడ్డ ఎవరైనా వేశారా అని మాత్రం అనుకున్నాను. చూడండి, అప్పుడు కూడా జ్వరమనే నమ్మాను.

“డాక్టరెవరు?” అన్నాడు గవర్రాజు.

“పిలవలేదు.”

“దహనం ఎవరు చూశారు?”

“కొడుకూ, నిప్పూ. ఏటి సేత్తావు బావా? సవం లేదు. బూడిద లేదు. సావు దాసినందుకు కేసెడితే జరిమానా కట్టుకుంటాడు. సవతి బిళ్ళ సేయించడం ఏ సెక్షనులో నేరమో సెప్పు, నానే సంతకమెడతాను.”

గవర్రాజు బ్యాడ్జిని మళ్ళీ రుమాలులో మూట కట్టాడు. అంతే. రెండింటికి త్రినాథరావు ఇంటికొస్తాడు, కాళ్ళు కడుక్కుని అన్నం తింటాడు. రేపూ తింటాడు. నా పిల్ల జ్వరమొచ్చి పోయినదాని కింద మిగిలిపోతుంది.

“వొదినా,” అన్నాను. “ఒక్కసారి సూసి ఇచ్చేత్తాను. మొకమైనా సూడనీ.”

కాసులమ్మ వేళ్ళు వదులు చేసింది. నేను బిళ్ళ తీసుకుని గుమ్మం వెలుగులోకి వచ్చాను. నా కళ్ళు మసకే. దగ్గరగా పెట్టుకుని, దూరం పెట్టుకుని, ఎలాగో కుదుర్చుకున్నాను.

కళ్ళూ ముక్కూ గీతలే. అవి ఎవరివైనా కావచ్చు. కానీ టోపీ ఎడమ పక్కకు వాలి ఉంది. దాని కింద చెవి పక్కన జుత్తు పాయ ఒకటి బయటికొచ్చి ఉంది. గౌరీశ్వరికి కుడి వైపు నెత్తి మీద సుడి. ఎంత పిన్నులు పెట్టినా టోపీ ఎడమకే జారేది. హెడ్ నర్సు దాన్ని రోజూ తిట్టేదట. నాకు చెప్పి నవ్వేది.

“బాబూ,” అన్నాను. “ఇది అచ్చు మా పిల్లే. కంసాలికి ఎలా తెలుసు?”

“ఎవరో చెప్పుంటారు పిన్నిగారూ.”

“టోపీ ఉందని సెప్పుంటారు. వాలిందని ఎవలు సెప్తారు? ఇంటికి అది టోపీతో రాదు. సంచీలో పెట్టుకునే వొస్తాది. ఈవిడ నర్సింగ్ హోము గుమ్మం తొక్కలేదు. టోపీతో తీయించుకున్న పొటో మా ఇంట్లో లేదు, ఈల్లింట్లో లేదు.”

గవర్రాజు ఒక్క అడుగులో నా పక్కకొచ్చాడు. బిళ్ళ తీసుకుని వెలుగుకు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. తరవాత కాసులమ్మ ముందు గచ్చు మీద కూలబడి కూచున్నాడు, ఇంట్లో మనిషిలా.

“అమ్మా, ఇది ఎప్పుడు చేయించారు?”

“పోయినాక,” అంది ఆమె.

“పోయాక చెక్కితే కంసాలి ఎవర్ని చూసి చెక్కాడు?”

“కాసులమ్మ పిన్నీ!” జగ్గయ్య గొంతు మొదటిసారి పైకి లేచింది. “నోరిప్పకు. నీ కొడుకు వొత్తన్నాడు. ఒక్క ముక్క మాటాడకు.”

“మీ కొడుకు వచ్చేసరికి ఈ బిళ్ళ నా జేబులో ఉంటుంది,” అన్నాడు గవర్రాజు. “లోపలున్న పిల్ల మెడ ఖాళీగా ఉంటుంది. చెప్పండి. ఎవర్ని చూసి?”

ఆమె నా వైపు చూసింది. ఇద్దరం తల్లులమే. పిల్లలకేమవుతుందోనని నిద్రపోని వాళ్ళమే. ఆమెను చూస్తుంటే నాకు తెలుస్తోంది, కొడుకు ఏదో చేస్తాడని తెలిసినప్పుడు ఈమె ఆపడానికి భయపడి, ఆ తరవాత కాపురానికొచ్చేదాన్ని మాత్రం ముందుగా కాచుకుందని. గచ్చు మీద మిరపకాయలు మాడిపోతున్నాయి. ఘాటుకు అందరికీ కళ్ళ నీళ్ళొస్తున్నాయి, ఎవరూ కదలడం లేదు. లోపల చిట్టెమ్మ మంచినీళ్ళు అడిగింది. ఎవరూ వెళ్ళలేదు. మళ్ళీ అడిగింది. ప్లాంటు వైపు సైరను మోగి, సాగి సాగి ఆగిపోయింది. జగ్గయ్య కిళ్ళీ ఉమ్మడం కూడా మరిచి నిలబడ్డాడు. వీధి మలుపులో మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. కాసులమ్మకూ వినిపించింది.

అప్పుడు నోరు విప్పింది.

“నీ కూతుర్నే సూసి. కంసాలి ఇంటికొచ్చినాడు వొదినా. ‘నీకోసం లాకెట్టు సేయిత్తన్నాను’ అని దానికి సెప్పినాను. డ్యూటీ సీర కట్టుకుని, టోపీ పెట్టుకుని, పొద్దోయేదాకా కదలకుండా నించుంది. ‘బాగా సెక్కు బాబూ, మాయమ్మకి సూపించాల’ అన్నాది.”